బూజుకర్ర పర్వం

మాఘమాసం. పెళ్లిబాజాల మాసం, గుమ్మడి వడియాల మాసం. కోటప్పకొండ మూడు శిఖరాలకూ పసిడినీరు పోసి, చిలకలూరిపేట రోడ్డు మీది లారీ అద్దాలన్నిటికీ తలా ఒక తునక పంచి, మల్లమ్మ సెంటర్ టీకొట్టులోని సత్తుగిన్నెలను సైతం సువర్ణకలశాలు చేసి, సహస్రకిరణుడు నరసరావుపేట మీదికి ఠీవిగా నడిచొచ్చాడు. ఆ శుభవేళ, బరంపేటలో, మా మేనత్త గారి రెండంతస్తుల డాబా మీద, అప్పటికే ఒక మహాసైన్యం మోహరించి ఉంది.

వడియాల సైన్యం అది. నలభై ఏళ్లనాటి మంగళగిరి నేతచీర పరిచిన రణరంగాన, తూర్పు పిట్టగోడ మొదలు పడమటి నీళ్లట్యాంకు దాకా, బారుకు బారు, వ్యూహానికి వ్యూహం. బూడిదగుమ్మడి గర్భాన జన్మించి, మినప్పిండి తొట్టిలో ఓలలాడి, ఇంగువను ఉగ్గుపాలుగా తాగి, పచ్చిమిరప ప్రతాపాన్ని నరనరానా నింపుకున్న యోధులు. ఒక్కొక్కటీ ఒక్కొక్క శ్వేతచ్ఛత్రం. ఎండ తగిలినకొద్దీ అంచులు బిగిసి, నడుములు గట్టిపడి, రేపో మాపో నూనెమూకుడులో దూకడానికి సిద్ధమవుతున్న వీరకుమారులు.

ఆ సైన్యానికి నడుమ, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ అనే సింహాసనం మీద, మా అత్తయ్య. వయసు డెబ్బై రెండు. కుంకుడుకాయ రసంతో తలంటుకుని, వెండి జలపాతం లాంటి జుట్టును కుర్చీ వెనక్కి ఆరబోసి, కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎగదోసి, ఎడమ చేత గొడుగు, కుడి చేత బూజుకర్ర ధరించి ఉన్నది. ఆ బూజుకర్ర సామాన్యమా! ఏడడుగుల ముదురు వెదురు. కొసన కొబ్బరిపీచు కుచ్చు, మొదట చేతిచెమటకు నిగనిగలాడే నలుపు. బ్రహ్మనాయుడి కుంతానికి పల్నాట ఎంత ఖ్యాతి ఉన్నదో, ఈ కర్రకు మా వీధి కాకిలోకంలో అంత ఖ్యాతి. అది ఒక్కసారి గాలిలో అర్ధచంద్రాకారంగా తిరిగితే సత్తెనపల్లి రోడ్డు దాకా కాకి కనపడదు.

పదిన్నర వేళ ఒక ధ్వని వినవచ్చింది.

ఆ ధ్వనిని ఏమని వర్ణించేది! లక్ష తుమ్మెదలు ఒక్క తామరలో చిక్కి ఆర్తనాదం చేసినట్టు. మంత్రసాని చేతిలో పుట్టీపుట్టగానే యుద్ధానికి బయల్దేరిన దోమల రాజు సింహనాదం చేసినట్టు. పక్కింటి మిక్సీకి రెక్కలు మొలిచి పచ్చడి సగంలో వదిలి పారిపోయినట్టు. ఝుమ్మని, ఝుంఝుమ్మని, వేపచెట్టు చిటారుకొమ్మ మీదుగా, కేబుల్ తీగల సాలెగూడును దాటుకుంటూ, ఆకాశవీధిన అవతరించింది డ్రోను.

నాలుగు బాహువులు, నాలుగు చక్రాలు, కడుపు కింద ఒకే ఒక కన్ను. పరమశివుడి ఫాలనేత్రానికి రెప్ప ఉంది, దీనికి అదీ లేదు. తూకం 249 గ్రాములు. పావు కిలో కందిపప్పు కంటే ఒక్క గ్రాము తక్కువ. ఆ ఒక్క గ్రాములో ఉన్న రాజనీతి ముందు ముందు తెలుస్తుంది. వచ్చినది నాలుగిళ్ల అవతలి పెళ్లివారి పందిట్లోంచి. వరుడి ఊరేగింపును ఆకాశం నుంచి చిత్రించవలసిన ఆ వీరుడు, వరుడు ఇంకా పౌడరు రాసుకుంటున్నందువల్ల, కాసేపు దేశాటనం చేద్దామని బయల్దేరాడు.

డాబా మీద కలకలం పుట్టింది. బట్టలారేస్తున్న మా వదిన నైటీలో ఉంది. తెలుగింటి నైటీకి తువ్వాలే కవచం. గ్యాసుబండ అబ్బాయి వచ్చినా, కొరియరు వచ్చినా, మామగారు దగ్గినా, దండెం మీది తువ్వాలు మెరుపులా భుజాల మీదికి దూకుతుంది. కర్ణుడికి పుట్టుకతో వచ్చిన కవచం కంటే నమ్మకమైనది అది. దాన్ని దానం అడగడానికి ఏ ఇంద్రుడికీ ధైర్యం చాలదు. కానీ ఆ కవచాన్ని నేసినవారు శత్రువు గుమ్మంలోంచి వస్తాడని అనుకున్నారు, వీధిలోంచి వస్తాడని అనుకున్నారు, మహా అయితే ఎదురింటి కిటికీలోంచి వస్తాడని అనుకున్నారు. నడినెత్తి మీది నుంచి వస్తాడని ఏ నేతగాడు ఊహించాడు? వదిన తువ్వాలును ముందుకు లాగితే వెనక ఖాళీ, తలమీద కప్పుకుంటే ముందు ఖాళీ. చివరికి తడి దుప్పటి మొత్తం తనమీద వేసుకుని, చలువచేసిన శివలింగంలా ట్యాంకు పక్కన కూలబడింది.

అత్తయ్య లేచింది.

లేవడం అంటే మోకాళ్ల నొప్పుల మనిషి లేచినట్టు లేవలేదు. గొడుగు పక్కకు గిరాటేసి, ఆరీ ఆరని జుట్టు కొప్పున బిగించి, కార్యమపూడి రణభూమికి బయల్దేరిన బాలచంద్రుడి వలె లేచింది. పల్నాటి గడ్డ కదా! పన్నెండో శతాబ్దంలో నాగులేటి ఒడ్డున అన్నదమ్ముల సేనలు తలపడి నేలను ఎర్రబరిచిన సీమ. నేటికీ కారెంపూడిలో కార్తీక అమావాస్య మొదలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ అయిదు రోజులు ఆ వీరులను తలుచుకుంటారు. ఆ రక్తం ఎక్కడికి పోతుంది? "ఏందిరా ఇది! ఎవడిదిరా ఈ తూనీగ! ఆడోళ్లు తలారబెట్టుకునే కాడ నీకేం పనిరా సచ్చినోడా!" అన్న శంఖారావం బరంపేట నాలుగు వీధులనూ చుట్టి, పెళ్లిపందిట్లోని సన్నాయిని ఒక అరక్షణం అపస్వరంలో పడేసింది.

డ్రోనుకు చెవులుంటే ఆ క్షణమే వెనుదిరిగేది. పాపం, దానికి ఉన్నది కన్ను మాత్రమే. ఆ కన్ను చూసిన దృశ్యాన్ని పందిట్లో రిమోటు పట్టుకున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు తెరమీద చూశాడు: ఆకాశానికేసి కర్ర ఎత్తిన వృద్ధ వీరనారి, వెనక వడియాల చతురంగబలం, పైన మాఘమాసపు నీలాకాశం. కళాకారుడి గుండె ఆగుతుందా? క్లోజప్పు కోసం కిందికి దించాడు.

అదే అతడు చేసిన తప్పు. పదిహేను అడుగులు. పన్నెండు. పది. నాలుగు రెక్కల గాలికి నేతచీర అంచు లేచింది. ముందువరుస వడియాలు దొర్లాయి. ఒకటి, రెండు, నాలుగు, ఏడు. పిట్టగోడ కింది నీళ్లు పారే తూములో పడి పదకొండు మంది యోధులు వీరస్వర్గం అలంకరించారు. ఇంకా ఎండైనా పూర్తిగా తాగని పసివాళ్లు! సేనాపతి కళ్లు కెంపులయ్యాయి. ఎడమకాలు ముందుకు, కుడికాలు వెనక్కి, నడుము వంచి, ఒక్క ఊపున, పైకి, బూజుకర్ర!

కొబ్బరిపీచు కుచ్చు తూనీగ కడుపును ముద్దాడింది. ఒక పీచు ఒక రెక్కకు చుట్టుకుంది. అంతే. ఆకాశరాజు ఒరిగాడు, తిరిగాడు, గిర్రున, బొంగరంలా, ప్రదక్షిణంగా ఒకసారి, అప్రదక్షిణంగా ఒకసారి తిరిగి, ఎర్రదీపం పచ్చదీపం మార్చిమార్చి వెలిగించి ప్రాణభిక్ష వేడుతూ, రెండో వాయి కోసం తడిగుడ్డ కప్పి ఉంచిన మినప్పిండి గిన్నెలో తలకిందులుగా పడి మునిగాడు. రెండు బుడగలు వచ్చాయి. తర్వాత నిశ్శబ్దం. వేపచెట్టు మీది కాకులు, తరతరాల పగను ఒక్క నిమిషం పక్కనబెట్టి, ఏకకంఠంతో జయజయధ్వానాలు చేశాయి.

కథకుడు ఇక్కడ కొంచెం ఆగి పూర్వగాథలు చెప్పాలి. ఆకాశాన ఎగిరే ఇలాంటి కీటకం కోసం తెలుగుదేశాన మహాసంగ్రామాలు ఇంతకుమునుపే జరిగాయి. అవి రాజుల డాబాల మీద జరిగాయి గనుక చరిత్రకెక్కాయి.

మొదటిది ఉండవల్లి పర్వం. 2019 ఆగస్టు 16. కృష్ణవేణి నిండుచూలాలై కరకట్టను ఒరుసుకుంటూ పరవళ్లు తొక్కుతున్న దినాలు. ఆ కట్టమీద, నదికి ముఖం పెట్టి, నాటి ప్రతిపక్షనేత చంద్రబాబు నాయుడి నివాసం. దాని నెత్తిన ఒక డ్రోను ఝుంకరించింది. తెలుగుదేశం సేనలు ఎగరేసిన వారిని చుట్టుముట్టాయి. లాఠీలు లేచాయి, నినాదాలు లేచాయి, డీజీపీ గారి ఫోను మోగింది. జడ్ ప్లస్ భద్రత ఉన్న ఇంటి మీదికి దీన్ని పంపినదెవరని ఒక పక్షం గర్జించింది. వరద ఎంతదాకా వచ్చిందో చూడటానికి జలవనరుల శాఖ తీయించిన చిత్రాలయ్యా అని ప్రభుత్వపక్షం ప్రతిగర్జించింది. కృష్ణమ్మ మాత్రం ఎవరి గర్జనకూ ఒక్క అంగుళం తగ్గలేదు, పెరగలేదు.

రెండవది జన్వాడ పర్వం. 2020 మార్చి, శంకర్‌పల్లి మండలం. అక్కడ ఒక ఫాంహౌసు. అది నాటి మంత్రి కేటీఆర్‌దని ప్రత్యర్థులు, తనది కాదని ఆయన. జంటజలాశయాలను కాపాడే 111 జీవోను అది ఉల్లంఘించిందని రుజువు చేయాలన్న పంతం నాటి మల్కాజిగిరి ఎంపీ రేవంత్ రెడ్డిది. గోడ ఎత్తు, గేటు గట్టి, కాబట్టి దారి ఆకాశం. అనుమతి లేకుండా డ్రోను ఎగరేయించారన్న కేసులో ఆయన మార్చి 5న అరెస్టయి, చర్లపల్లి కారాగారవాసం చేసి, 18న హైకోర్టు ఇచ్చిన బెయిలుతో బయటికొచ్చారు. 2023 డిసెంబరులో తెలంగాణ ముఖ్యమంత్రి సింహాసనం ఎక్కారు. ఒక తూనీగ వెంట నడిచినవాడు చెరసాలనూ చూస్తాడు, సింహాసనాన్నీ చూస్తాడన్నమాట. మా పెళ్లి ఫొటోగ్రాఫరు కుర్రవాడికి ఈ కథ చెప్పకూడదని నేను అప్పుడే నిశ్చయించుకున్నాను.

మూడవది మంగళగిరి పర్వం. నాకు మిక్కిలి ప్రియమైనది ఇదే. 2025 జనవరి 18, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ క్యాంపు కార్యాలయం మీద గుర్తుతెలియని డ్రోను ఒకటి ఇరవై నిమిషాల సేపు విహరించింది. ఏ శత్రుదేశపు వేగు? ఏ గూఢచారి పక్షి? డీజీపీకి వార్త, కలెక్టరుకు వార్త, ఎస్పీకి వార్త. పోలీసులు దాని జాడ పట్టుకుని వెళ్లి వెళ్లి ఏ గుమ్మం ముందు ఆగారు? ఏపీ ఫైబర్‌నెట్ గుమ్మం ముందు. సాక్షాత్తూ సర్కారు వారి సంస్థ! పారిశుద్ధ్యం, ట్రాఫిక్కు, కాలువలు ఎలా ఉన్నాయో పరిశీలించే ప్రయోగంలో భాగంగా ఎగరేశారట. ప్రభుత్వం మీద ప్రభుత్వమే వేగుకన్ను వేసి, ప్రభుత్వమే ఉలిక్కిపడి, ప్రభుత్వమే పట్టుకుంది. కుడిచెయ్యి ఎడమచేతిని దొంగా అని పట్టుకున్న ఇలాంటి ఘట్టం ఏ మహాకవికి దక్కింది!

మా అత్తయ్యకు డీజీపీ గారి నంబరు తెలియదు. ఆమెకు కంఠతా వచ్చిన నంబరు గ్యాసు బుకింగుది ఒక్కటే.

ఇక రాయబార ఘట్టం. మెట్లమీద చెప్పుల చప్పుడు. షేర్వానీ జేబులో రిమోటు, ముఖాన చెమట, చేతులు జోడించి కుర్రవాడు. "మామ్మగారూ, క్షమించండి మామ్మగారూ! పెళ్లి కవరేజీ అండీ. నా డ్రోను ఇప్పించండి, అరగంటలో వరుడు బయల్దేరతాడు. అది నా సొంతం కూడా కాదండీ, ఈఎంఐ ఇంకా ఏడు నెలలుంది." అత్తయ్య పిండిగిన్నెను ఎడమకాలి వెనక దాచింది. "ముందు మా బొమ్మలన్నీ చెరిపెయ్. మా కోడలు నైటీలో ఉంది. నేను జుట్టు విరబోసుకోనున్నా. ఆ తర్వాత నా పదకొండు వడియాలు కట్టు. ఆ తర్వాత మాట్టాడు."

మధ్యవర్తిగా విచ్చేసినవారు మా వీధి చివర బాబాయి గారు. ముప్పై అయిదేళ్లు నరసరావుపేట కోర్టులో ప్లీడరు గుమాస్తాగా సేవచేసి, ప్లీడర్లకే తెలియని సెక్షన్లు నాలుక చివర పెట్టుకున్న పెద్దమనిషి. శ్రీకృష్ణ రాయబారానికి వచ్చిన వాసుదేవుడికి సభలో ఎంత నిశ్శబ్దం లభించిందో, కళ్లజోడు తుడుచుకుంటున్న ఆయనకు ఆ డాబామీద అంత లభించింది.

"అక్కయ్యా, చట్టం ఏం చెబుతుందో చెబుతా, ఆవేశపడమాకు. 2021 ఆగస్టు 25న డ్రోన్ నియమావళి వచ్చింది. అందులో డ్రోన్లకు అయిదు కులాలు. 250 గ్రాముల దాకా నానో. రెండు కిలోల దాకా మైక్రో. ఇరవై అయిదు దాకా స్మాల్, నూటయాభై దాకా మీడియం, ఆపైన లార్జి. ఇదిగో, ఈ పిండిలో ఉన్నది 249. నానో. దీనికి పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు."

"ఇప్పుడు తూకమేస్తే మూడొందలుంటదిలే, పిండితో కలిపి" అన్నది మా వదిన దుప్పటిలోంచి.

"ఆకాశానికి కూడా రంగులు వేశారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా ఎగరొచ్చు. మీరితే లక్ష దాకా జరిమానా. నీ డాబా ఆకుపచ్చ."

"400 అడుగుల పైకి పోకూడదని చెప్పారు సరే. పది అడుగుల కిందికి రాకూడదని చెప్పలేదా?"

సభ స్తంభించింది. ఈ ప్రశ్న వేయడానికి పార్లమెంటులో ఎవరికీ నోరు రాలేదు కాబోలు. బాబాయి గారు కళ్లజోడు మళ్లీ తుడిచారు. 2018లో వచ్చిన తొలి నిబంధనల్లో ఎదుటివారి గోప్యతకు ఎగరేసేవాడే బాధ్యుడన్న మాట ఉండేదనీ, 2021 నియమావళిలో బరువూ ఎత్తూ రంగూ లెక్కలే తప్ప ఆ మాట కనపడదనీ చెప్పారు. తర్వాత తన అమ్ములపొదిలోని అస్త్రాలు ఒక్కొక్కటే తీశారు. భారతీయ న్యాయసంహిత 77: ఆడవారి ఏకాంతాన్ని దొంగచాటుగా చూడటం, చిత్రించడం. అత్తయ్య కళ్లు మెరిశాయి. "కానీ వడియాలు పెట్టడం ఆ ఏకాంతం కిందికి రాదక్కయ్యా." "జుట్టు ఆరబెట్టుకోవడం?" "రాదు." ఐటీ చట్టం 66ఈ: మూడేళ్ల జైలో రెండు లక్షల జరిమానానో. "కానీ అది ఒంటి మీది మరుగుచోట్లు తీస్తేనే. కోడలు నైటీ మీద తువ్వాలు, తువ్వాలు మీద దుప్పటి." బ్రహ్మాస్త్రం: పుట్టస్వామి తీర్పు. 2017 ఆగస్టు 24, సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుని, గోప్యత ప్రాథమిక హక్కని ముక్తకంఠంతో పలికిన తీర్పు. "తొమ్మిదిమందే!" అన్నది అత్తయ్య భక్తితో. "తొమ్మిదిమంది. కానీ ఆ హక్కు ముఖ్యంగా సర్కారు మీద. ఈ అబ్బాయి సర్కారు కాదు, స్టూడియో." బ్రహ్మాస్త్రం గాలిలో ఒక చుట్టు తిరిగి, వినయంగా పొదిలోకి వచ్చి కూర్చుంది.

"అసలు సంగతి చెప్పనా? వాడి యంత్రాన్ని కొట్టి పడేసినందుకు ఆస్తినష్టం కేసు నీమీదే పడుతుంది."

ఈ మాటకు బూజుకర్ర మళ్లీ లేవబోయింది. బాబాయి గారు గబగబా ఒక పూర్వపు కోడిపోరు కథ అందుకున్నారు. పల్నాటివాళ్లను కూర్చోబెట్టాలంటే కోళ్ల కథను మించినది లేదు. నాయకురాలు నాగమ్మ శివంగిడేగ, బ్రహ్మనాయుడి చిట్టిమల్లు తలపడి ఒక రాజ్యాన్ని అడవుల పాలుచేసిన నేల ఇది.

ఈ కోళ్లు మాత్రం అమెరికావి. ఉత్తర కరోలినా రాష్ట్రం, గ్రీన్స్‌బరో ఊరి దగ్గర కాస్బీ అనే రైతు, ఆయనకొక కోళ్ల దొడ్డి. రెండో ప్రపంచయుద్ధ కాలం. పక్కన విమానాశ్రయం. సర్కారు వారి బాంబర్లు ఆయన నేలకు 83 అడుగుల ఎత్తున, పగలనక రాత్రనక, పిడుగులై గర్జిస్తూ దిగుతుండేవి. ఆ గర్జనకు కోళ్లు ఏం చేశాయి? కత్తి కట్టించుకోలేదు, బరిలో దూకలేదు. బెదిరి, ఎగిరి, గోడలకు కొట్టుకుని, ఒక్కో రోజున ఆరూ పదీ చొప్పున, మొత్తం నూటయాభై దాకా ప్రాణాలు విడిచాయి. నూటయాభై చిట్టిమల్లులు! నేల ఎవరిదో దానిమీది ఆకాశం చుక్కల దాకా వారిదేనన్న పాత న్యాయసూత్రాన్ని పట్టుకుని కాస్బీ కోర్టుకెక్కాడు. 1946లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పినదేమంటే: చుక్కల దాకా నీదనడం ఈ విమానాల కాలంలో చెల్లదు, కానీ నేలను అనుభవించడానికి ఎంత ఆకాశం కావాలో అంతవరకు నీదే. రైతు గెలిచాడు.

"అంటే నా బూజుకర్ర అందినంత ఆకాశం నాది" అన్నది అత్తయ్య.

ఎనభై ఏళ్లుగా న్యాయపండితులు కొలవలేక తలలు పట్టుకున్న ఎత్తును ఏడడుగుల వెదురుతో, మహా అయితే మనిషి ఎత్తు కలిపి, మా అత్తయ్య కొలిచి పారేసింది. ఇంతకంటే మంచి కొలత నాకు ఏ గ్రంథంలోనూ తగల్లేదు.

అమెరికాలోనే ఇంకో కథ కూడా ఉంది, బాబాయి గారు అది చెప్పలేదు, చెబితే సాయంత్రానికి బరంపేటలో తుపాకి లైసెన్సు దరఖాస్తులు పెరిగేవి. 2015లో కెంటకీ రాష్ట్రాన ఒక తండ్రి, కూతుళ్లున్న తన పెరటి మీదికి వచ్చిన డ్రోనును తూటాలతో కూల్చాడు. కేసు పెడితే అక్కడి జడ్జి కొట్టేసింది. అలాగే మిషిగన్‌లో ఒక పురపాలకం వారు ఒకాయన పెరట్లో పాత సామాన్లు గుట్టలుగా ఉన్నాయని రుజువు చేయడానికి డ్రోనుతో ఫొటోలు తీయించారు. ఆ ఫొటోలు చెల్లవని ఆయన సుప్రీంకోర్టు దాకా పోతే, అలా తీయడం తప్పో ఒప్పో తేల్చకుండానే, ఇలాంటి సివిల్ తగాదాలో వాటిని సాక్ష్యంగా పక్కనబెట్టనక్కర్లేదని 2024లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు చెప్పేసింది. ఈ మిషిగన్ సంగతి నేను ఊరికే చెప్పడం లేదు.

నిజానికి మన నెత్తిమీది ఆకాశం ఖాళీగా ఉండటం మానేసి చాలాకాలమైంది. రీసర్వే అంటూ 2020 డిసెంబరులో తక్కెళ్లపాడులో మొదలైన భూయజ్ఞం నాటి నుంచి డ్రోన్లు ఊళ్లమీద ఎగురుతూనే ఉన్నాయి. మిరపచేలల్లో, వీపున మందుడబ్బా మోసే ఐరావతాలు గాల్లో నడుస్తున్నాయి. తోటల్లో పేకముక్కలు పంచుకునే మహనీయులు చెట్టుకింద కూర్చోవడం చాలదని, ఆకుల మందం చూసి చెట్టును ఎంచుకోవలసిన రోజులొచ్చాయి. పోలీసు డ్రోను పైనుంచి జోకరు ఎవరి చేతిలో ఉందో కూడా చూస్తుందని వారి నమ్మకం. 2024 అక్టోబరు 22 రాత్రి విజయవాడ పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఒక్కసారి లేచి దీపాలతో బొమ్మలు గీస్తే, గిన్నిస్ రికార్డులు వచ్చాయని మేమూ చప్పట్లు కొట్టాం. అత్తయ్య టీవీలో చూసి "ఎంత ముద్దుగా ఉన్నాయో" అన్నది. అయిదువేల అయిదువందలు ముద్దు. ఒక్కటి, వడియాల మీద, కాదు.

ఇక సంధి. పిండిగిన్నెలోంచి డ్రోనును పైకి తీశారు. అమృతమథనంలో మందరపర్వతం కూడా అంత తెల్లగా బయటికి వచ్చి ఉండదు. రెక్క ఒకటి విరిగింది. వడియాలు పదకొండు పోయాయి. రెండూ చెల్లుకు చెల్లు అని బాబాయి గారు తీర్పిచ్చారు. చెరపడం ఒక్కటే మిగిలింది. కుర్రవాడు మెమరీ కార్డు తీసి, వదిన తువ్వాలు కొంగుతో తుడిచి, "చూడండి మామ్మగారూ, మీ ముందే చెరిపేస్తా" అన్నాడు.

"ఏం తీశావో చూడందే చెరిపావని ఎట్టా నమ్మేది?" అన్నారు బాబాయి గారు. గుమాస్తా బుద్ధి.

లాప్‌టాప్ వచ్చింది. ఎండకు తెర కనపడదని దానిమీద దుప్పటి పందిరి వేశారు. కేకలు విని అప్పటికే వీధంతా డాబా ఎక్కింది. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, పాలబ్బాయి, పెళ్లింటి నుంచి ఒక సన్నాయి కళాకారుడు, అందరూ దుప్పటి కింద తలలు దూర్చారు. మా అత్తయ్య ఏకాంతానికి భంగం కలిగిందా లేదా అని తేల్చడానికి ముప్పైమంది కూర్చున్న ఆ మహాసభ ముందు తెర వెలిగింది.

ఓహో! బరంపేట విశ్వరూపం! పైనుంచి చూస్తే మన వీధి ఇంత అందమా అని మొదట అందరూ మురిశారు. తర్వాత కన్ను మెల్లగా కదిలింది. ఒక డాబా మీద మూతలేని నీళ్లట్యాంకు, అందులో ఈదుతున్న రబ్బరుబంతి. ఆ నీళ్లు తాగే మూడు కుటుంబాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాయి. ఇంకో డాబా మీద, ట్యూషన్‌కు వెళ్లానన్న పిల్లవాడు ఏసీ డబ్బా వెనక సిగరెట్టుతో. వాడి నాన్న సభలోనే ఉన్నాడు. మరో గోడ వారన, మునిసిపల్ కాలువ మీదికి నాలుగడుగులు జరిపి కట్టిన సన్‌షేడు. దాని యజమాని ఎందుకో దగ్గి కిందికి దిగిపోయాడు. ఎవరో "ఆపండయ్యా" అన్నారు. ఎవరూ ఆపలేదు.

కన్ను ఇంకా కదిలి మా పక్కింటి డాబా మీదికి వచ్చింది. గోడవార కొత్తిమీర, పుదీన, ఒక బంతిమొక్క. కొత్తిమీర పెరుగుతున్న పాత్ర కుండ కాదు, బకెట్టు కాదు. ఇత్తడి గంగాళం. అంచున సొట్ట.

"ఆపు" అన్నది అత్తయ్య.

ఈసారి ఆగింది.

"పెద్దది చెయ్."

కుర్రవాడు రెండువేళ్లతో పెద్దది చేశాడు. ఒక చెవి ఊడిన గంగాళం. మూడేళ్ల కిందట సంక్రాంతికి అరిసెల పాకానికని పక్కింటివాళ్లు పట్టుకెళ్లి, మర్నాడే తిరిగిచ్చామని వెంకటేశ్వరస్వామి మీద ఒట్టేసిన గంగాళం. మా తాతమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గంగాళం.

పక్కింటి పిన్ని గారు దుప్పటి కింద నుంచి తల బయటికి తీశారు. "వదినా, చెప్పింది విను. అసలు ఎవరి డాబా మీద ఏముందో వీళ్లు ఎట్టా తీస్తారు? చెరిపెయ్ అబ్బాయా, ముందు చెరిపెయ్! మాకు మాత్రం పరువు లేదా, ప్రైవసీ లేదా?"

కుర్రవాడి వేలు డిలీట్ మీట మీదికి పోయింది. ఆ వేలికి అంగుళం దూరంలో, గాలిని చీల్చుకుంటూ వచ్చి ఆగింది బూజుకర్ర.

"చెరపమాకు."